గోడ వెనక ఏడుపు

"ఎలాగూ మూడో అంకంలో ఏడవాలి కదా. మీ అక్క కోసం కూడా అప్పుడే ఏడ్చెయ్. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి," అన్నాడు మా ఆయన.

అప్పుడు నేను మేకప్ గదిలో రాజుగారి అంగీ ఇస్త్రీ చేస్తున్నాను. ముఖమల్ బట్ట అది. తిరగేసి, మీద తడిగుడ్డ పరిచి, పెట్టె ఆనీ ఆననట్టు తిప్పాలి. కాస్త గట్టిగా నొక్కితే మెరుపు చచ్చిపోయి, రాజు కాస్తా సర్కసు గేటు దగ్గర నిలబడేవాడిలా కనిపిస్తాడు. ఒక చేతిలో ఇస్త్రీపెట్టె, ఇంకో చేతిలో అప్పుడే పెట్టేసిన ఫోను. అక్క పక్కగదిలో ఉండే కండక్టరమ్మ చేసింది. "పొద్దున టీ పెట్టుకుంటూ కూలబడిపోయిందమ్మా. డాక్టరొచ్చేసరికే అయిపోయింది. సాయంత్రం అయిదింటికి తీసుకెళ్తారు. ఆలోపు నువ్వు రావాలి," అంది. ఆ మాటే మా ఆయనకు చెప్పాను. ఆయన కోప్పడలేదు, విసుక్కోలేదు. అద్దం ముందు కూర్చుని గడ్డం అతికించుకుంటూ ఒక్క క్షణం ఆలోచించి, చిక్కుముడి విప్పినవాడి మొహంతో ఆ మాటన్నాడు. ఆ తర్వాత, "కాలరు దగ్గర ఇంకోసారి తగిలించు, చెమట మరక కనిపిస్తోంది," అని కూడా అన్నాడు.

నేను "సరే" అన్నాను. మా ఇంట్లో ఆ మాట నా నోట్లోంచి తుమ్ములాగా వస్తుంది, నా ప్రమేయం ఉండదు. సరే అన్నాక కాలరు దగ్గర ఇంకోసారి తగిలించాను కూడా. బట్ట మీద నుంచి ఆవిరి లేచి మొహానికి కొట్టింది. అక్క పోయింది అని లోపల ఒక గొంతు చెబుతూనే ఉంది. గోడకి చెప్పినట్టుంది. నా చేతులు మాత్రం కిరీటంలో ఊడిన రాయికి జిగురు పెట్టాయి, సైనికుడి చిరిగిన చంకకి సూది దించాయి, అందరికీ టీలు పోశాయి.

మా నాటకం పాతది, మావయ్యగారి తాతల కాలం నుంచీ ఆడుతున్నదే. ముట్టడిలో ఉన్న ఒక నగరం, ఆకలితో అల్లాడే జనం. సేనాపతి రాజు మాట కాదని ధాన్యపు కొట్టు తలుపులు తెరిపిస్తాడు. రాజు అతన్ని చంపించి, అతని కోసం ఎవరూ కంటతడి పెట్టకూడదని చాటింపు వేయిస్తాడు. ఏడిస్తే మరణశిక్ష. సేనాపతి భార్య పొడికళ్లతో రంగం మధ్య నిలబడి ఉంటుంది. నగరమంతా నోరు కుట్టేసుకుంటుంది. అప్పుడు మూడో అంకంలో కోటగోడ వెనక నుంచి ఏడుపు వినిపిస్తుంది, ఊరు ఊరంతా ఏడుస్తున్నట్టు. రాజు వణికిపోయి, "ఎవరది ఏడ్చేది? దాక్కోవడం కాదు, నా ముందుకు రా. నా మొహం చూసి ఏడు," అని గర్జిస్తాడు. ఎవరూ రారు. చివరికి ఆ రాజు కొడుకే చనిపోతాడు. తన శాసనం తన గొంతుకే అడ్డం పడి, ఏడవలేక రాజు గుండె పగిలి కూలిపోతాడు. జనం కళ్లు తుడుచుకుంటూ, దుర్మార్గుడికి భలే శాస్తి జరిగిందని చెప్పుకుంటూ ఇళ్లకు పోతారు. రాజుగారు లోపలికొచ్చి గడ్డం ఊడదీసి నా చేతికిస్తారు, ఉతకడానికి.

ఊరంతా ఏడ్చే ఆ ఏడుపు నాది, నా ఒక్కదానిది. అంతమంది ఆడవాళ్లను పెట్టుకునే స్తోమత లేక మావయ్యగారు కనిపెట్టిన ఉపాయం అది. అట్టతో చేసిన కోటగోడ వెనక ఒక ముక్కాలిపీట, దాని ముందు బల్ల మీద ఖాళీ ఇత్తడి బిందె. బిందె మూతిలో మొహం పెట్టి ఏడిస్తే గొంతు లోపల గిరగిరా తిరిగి పది గొంతులై బయటికొస్తుంది. నాకు ముందు ఆ పీట మీద మా అత్తయ్య ఏడ్చేది. నేను కాపురానికొచ్చిన వారానికే, "ఇంక నా వల్ల కాదమ్మాయ్, దగ్గొస్తోంది," అని పీట నాకు ఖాళీ చేసింది. కొత్త కోడలి చేతికి తాళాలగుత్తి ఇచ్చే ఇళ్లున్నాయని విన్నాను. మా ఇంట్లో ఏడుపిచ్చారు.

ఎన్ని ఊళ్లలో, ఎన్ని హాళ్లలో ఏడ్చానో నాకే గుర్తు లేదు. పోస్టరు మీద గుర్రం బొమ్మ గీసినవాడి పేరు కూడా ఉంటుంది, నా పేరు ఉండదు. ఎవరైనా పెద్దమనుషులు లోపలికొస్తే, "మా ఆవిడ. కుట్లూ అవీ చూసుకుంటుంది. నాటకాల సంగతి పెద్దగా తెలీదు," అని నవ్వుతూ పరిచయం చేస్తాడు మా ఆయన. నేను ట్రే పట్టుకుని నిలబడి ఉంటాను. ఒక పత్రికాయన, ఆ మూడో అంకంలో ఏడుపు ఒళ్లు జలదరించేలా ఉందండీ, ఎలా చేస్తారు అని అడిగితే, "అదొక టెక్నిక్," అన్నాడు.

ఆ టెక్నిక్ లేకుండా గడుపుకుందామని ఒకసారి చూశాడు. నా ఏడుపు రికార్డు చేద్దామన్నాడు. ఇంట్లో వంట మధ్యలో పిలిచి ఏడవమన్నాడు, ఏడ్చాను. నాకు జలుబు చేసిన రోజు హాల్లో అదే వేశారు. రాజు కత్తి దూసి చెవి రిక్కించాడు. ఏడుపు మొదలైంది. ఏడుపు మధ్యలో మా కుక్కరు మూడు విజిల్స్ వేసింది. హాలంతా గొల్లుమంది. ఆ రాత్రి ఇంట్లో తిట్లు తిన్నది కుక్కరు కాదు, దాన్ని పొయ్యి మీద పెట్టిన నేను. అప్పటినుంచి మూడో అంకానికి నేను స్వయంగా ఉండి తీరాలని తీర్మానమైంది. నాకు జ్వరమొచ్చినా, కాలు బెణికినా, కడుపులో ఒక బిడ్డ నిలవకుండా పోయిన వారంలోనైనా ఆ పీట మీద నేనే. ఆ వారం ఏడుపు చాలా బాగా కుదిరిందని మెచ్చుకున్నాడు.

ఇంక మా అక్క. అమ్మ పోయాక నాకు తల దువ్వి, బడికి పంపి, నా వాటా దెబ్బలు కూడా నాన్న చేత తనే తిన్న మనిషి. ఈ నాటక సమాజంలోకి ముందు వచ్చింది అక్కే. సేనాపతి భార్య వేషం తనది. తనకి బట్టలు కుట్టడానికని నేనొచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకుని ఉండిపోయాను. మూడో అంకం చివర సేనాపతి భార్య రాజు కాళ్ల ముందు మోకరిల్లాలి, అది ఆనవాయితీ. ఒక రోజు అక్క మోకరిల్లలేదు. నిలబడింది. మా ఆయన గడ్డంలోంచి, "కూర్చో, కూర్చో," అని గొణుగుతున్నాడు. అక్క ఆయన మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది. హాల్లో చప్పట్లు ఆగలేదు. లోపలికొచ్చాక, "అలాంటి మొగుడితో కాపురం చేసిన ఆడది మోకాళ్ల మీద కూర్చోదు బావా. ఎన్నాళ్లుగానో చెబుదామనుకుంటున్నా," అంది మామూలుగా. ఆ సాయంత్రమే తన పెట్టె బయట పడింది. "దాని పేరు ఈ గడప లోపల వినపడకూడదు. దాన్ని తలుచుకున్నవాళ్లు దాంతోపాటే పోవచ్చు," అన్నాడు మా ఆయన. రాజు వేషం ఇంకా విప్పలేదు. అందుకని నాకు ఒక్క క్షణం అదీ నాటకంలో మాటేమో అనిపించింది.

అంత గొంతున్న మనిషికి ఇంకో సమాజం దొరక్కపోదు. కానీ మా ఆయన నాలుగు వైపులా కబురు పెట్టి అన్ని తలుపులూ మూయించాడు. అక్క ఊరికి అవతల పెద్ద బస్టాండులో మైకు ఉద్యోగంలో చేరింది. ఏ బస్సు ఎక్కడికి పోతుందో, ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర ఆగుతుందో చెప్పడం. దారం అయిపోయిందనో గుండీలు కావాలనో వంక పెట్టి నేను బస్టాండుకు పోయేదాన్ని. ఏ బస్సూ ఎక్కేదాన్ని కాదు. బెంచీ మీద కూర్చుని అక్క గొంతు వినేదాన్ని. ఆ గొంతులో బస్సు ఆలస్యం కూడా ఏదో గొప్ప వార్తలా ఉండేది. అద్దాల గదిలోంచి నన్ను చూసేదేమో, కాసేపటికి అదే గంభీరంగా, "ప్రయాణికులకు మనవి. దారం కొనడానికి వచ్చినవారు వెంటనే మైకు గది దగ్గరికి రావలెను. టీ చల్లారిపోతోంది," అనేది. బస్టాండంతా అటూ ఇటూ చూసేది. నేను నవ్వాపుకోలేక పరిగెత్తేదాన్ని. ఒకే గ్లాసులో టీ సగం సగం తాగేవాళ్లం. వచ్చేయమని ఒక్కసారి కూడా అనలేదు అక్క. "నీకు అనిపించినప్పుడు రా చిన్నీ. తలుపుకి గొళ్లెం పెట్టను," అనేది అంతే.

కుట్లు పూర్తయ్యి అందరూ వేషాలు వేసుకునేదాకా నేనీ సంగతులేవీ తలుచుకోలేదు. మొదటి అంకం మొదలై, గది ఖాళీ అయ్యాక, అప్పుడు ఒక్కసారిగా మీద పడ్డాయి. నడుం వంచి నేల మీద పడ్డ గుండుసూదులు ఏరుతున్నదాన్ని ఏరుతున్నట్టే కూర్చుండిపోయాను.

రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. బిందెలో మొహం పెట్టి అక్క కోసం ఏడిస్తే ఆ ఏడుపు ఎక్కడికి పోతుంది? అట్టగోడ దాటి రాజు చెవిన పడుతుంది. రాజు వణుకుతాడు. ఎంత బాగా వణికాడో అని జనం చప్పట్లు కొడతారు. ఏ మనిషి అక్క పేరు ఈ ఇంట్లో లేకుండా చేశాడో, ఆ మనిషి చప్పట్లకి అక్క చావు సరుకవుతుంది. ఇంక అక్కకి మిగిలేదేమిటి, నాకు మిగిలేదేమిటి? ఇన్నేళ్లూ జ్వరం ఇచ్చాను, బిడ్డ పోయిన దుఃఖం ఇచ్చాను, అన్నీ ఆ బిందెలోనే పోశాను. ఇది మాత్రం ఇవ్వలేను. ఇది నాది. అలా అనుకున్నాక నాకే ఆశ్చర్యమేసింది. ఈ ఇంట్లో ఒక వస్తువుని నాది అనుకుని ఎన్నాళ్లయిందో.

గడియారం చూశాను. ఇప్పుడు బయల్దేరితే అయిదింటిలోపు చేరతాను. మూడో అంకం దాకా ఆగినా, ఆట పూర్తయ్యేదాకా ఆగకుండా పోతే చేరతాను. ఆట అయ్యాక అయితే అక్క ఉండదు.

కానీ మా వెనక తలుపుకి తాళం. ఒకప్పుడు ఇద్దరు సైనికులు మూడో అంకానికి ముందు టీకి పోయి, పరుగున వచ్చి, ఒకడు బల్లెంతోపాటు టీ గ్లాసు కూడా పట్టుకుని రంగం మీదకెళ్లాడు. అప్పటినుంచి తెర లేచిందంటే మా ఆయన వెనక తలుపుకి తాళం వేసి, తాళంచెవి రాజుగారి అంగీ జేబులో వేసుకుంటాడు. ఆ జేబు ఆయన అడిగితే నేనే కుట్టాను, చిరగకుండా రెండు వరసల కుట్టు వేసి మరీ. పాత హాలది, మా గదికి ఇంకో దారి లేదు. వెనక తలుపు, లేదా రంగస్థలం.

రెండో అంకం అయ్యాక మా ఆయన మంచినీళ్లకి లోపలికొచ్చాడు. గ్లాసు ఇస్తూ అడిగాను.

"తాళంచెవి ఇవ్వండి. నేను వెళ్లాలి."

"ఎక్కడికి?"

"అక్క దగ్గరికి."

"పొద్దున మాట్లాడుకున్నాం కదా."

"మీరు మాట్లాడారు."

గ్లాసు మీద నుంచి నావైపు చూశాడు. గడ్డం కింద దవడ కదిలింది. "ముందు వరసలో ఎవరు కూర్చున్నారో తెలుసా నీకు? ఈ హాలు ఏడాదంతా ఎవరికివ్వాలో తేల్చే పెద్దలు. ఇవాళ మూడో అంకం పండిందా, మనం ఊరూరా తిరిగే బాధ తప్పుతుంది. నీ కోసమే కదా ఇదంతా."

"అయిదింటికి తీసుకెళ్లిపోతారు."

"పోయిన మనిషికి నువ్వొచ్చావో లేదో తెలుస్తుందా?"

"నాకు తెలుస్తుంది."

ఆయనకి అలవాటు లేని జవాబు కదా. జేబు మీద చెయ్యి వేసుకుని, "తలుపు తీస్తే ఒకరి వెనక ఒకరు పోతారు. పిచ్చివేషాలెయ్యకుండా వెళ్లి పీట మీద కూర్చో. గొంతు సవరించుకో. ఇవాళ బాగా రావాలి," అని, కిరీటం సరిచేసుకుని వెళ్లిపోయాడు. గ్లాసు నా చేతిలోనే పెట్టి వెళ్లాడు.

వెళ్లి పీట మీద కూర్చున్నాను. చేతిసంచీ కూడా తెచ్చుకుని ఒళ్లో పెట్టుకున్నాను. గోడ వెనక అత్తయ్య ఎప్పటిలాగే తన కుర్చీలో ఉంది. బల్లేలూ జెండాలూ ఎవరివి వాళ్లకి అందించడం ఆవిడ పని. సంచీ చూసింది, నా మొహం చూసింది. పొద్దున కొడుకన్న మాట ఆవిడా వింది.

"మా అమ్మ పోయినరోజు కూడా ఆట ఉంది," అంది ఉన్నట్టుండి, నావైపు చూడకుండా. "మీ మావయ్య నన్ను పంపలేదు. ఎలాగూ ఏడుస్తావు కదా, గోడ వెనకే ఏడు అన్నాడు. ఆ రోజు ఏడ్చినట్టు నేను మళ్లీ ఎప్పుడూ ఏడవలేదని ఊరంతా చెప్పుకున్నారు. నాకూ గొప్పగానే ఉండేది."

ఈ కథ ఇదివరకు చాలాసార్లు విన్నాను. గొప్పగానే చెప్పేది. చివర్లో "ఉండేది" అనడం మాత్రం ఇదే మొదలు.

అవతల రంగం మీద చాటింపు అయిపోయింది. సేనాపతి భార్య వేషంలో కొత్తమ్మాయి వచ్చి నిలబడింది. రాజు అడుగుల చప్పుడు. ఆ మాట తర్వాత ఆ మాట నాకు కంఠతా. హాలు నిశ్శబ్దమైంది. నేను బిందె మూతిలోకి వంగాల్సిన చోటు వచ్చింది.

వంగలేదు.

రాజు ఆగాడు. ఏడుపు వినపడకపోతే వణకడానికి లేదు. ఒక అడుగు అటు వేశాడు, ఒక అడుగు ఇటు వేశాడు. గొంతు సవరించాడు. ఆ దగ్గు నాకు తెలుసు, అన్నంలో ఉప్పు తక్కువైనప్పుడు దగ్గే దగ్గు. ఇంక గత్యంతరం లేక, వినపడని ఏడుపుని విన్నట్టే కత్తి దూశాడు.

"ఎవరది ఏడ్చేది? దాక్కోవడం కాదు, నా ముందుకు రా."

లేచి నిలబడ్డాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. ఆపుతుందనే అనుకున్నాను, విదిలించుకోవడానికి సిద్ధపడ్డాను కూడా. ఆవిడ నా కాళ్లవైపు చూసి, "చెప్పులేసుకో. బయట ఎండగా ఉంది," అంది. అని, నా చెయ్యి వదిలి, ముక్కాలిపీట మీదకి జరిగి, బిందెని తనవైపు తిప్పుకుంది.

చెప్పులు వేసుకున్నాను. అట్టగోడలో సైనికులు వచ్చే తలుపుంటుంది. దాన్ని తోసుకుని రంగం మీదకి వచ్చాను.

దీపాల వెలుగు మొహాన కొట్టింది. ఇన్నేళ్లలో ఆ వెలుగు ఇటువైపు నుంచి చూడటం అదే మొదటిసారి. అంగీలు, కిరీటాలు, బల్లేలు. వాటి మధ్య నేను, ఇంటి బట్టల్లో, మెడలో కొలతల టేపు, మణికట్టుకి గుండుసూదుల దిండు, భుజాన సంచీ. సేనాపతి భార్య నోరు తెరుచుకుని చూస్తోంది. మా ఆయనవి గడ్డానికి పైన, కిరీటానికి కింద, రెండు చిన్న కళ్లు, అంతే కనపడుతున్నాయి. అన్నేళ్లూ నన్ను భయపెట్టినవి అవేనా అనిపించింది.

"లోపలికి పో," అన్నాడు పెదవులు కదలకుండా.

"రమ్మన్నారు కదా, వచ్చాను," అన్నాను. నాకు వేరే గొంతు రాదు, బిందె లేకుండా నాకున్న గొంతు ఇంతే. ఆ పాత హాలు మంచిదే, చివరి వరస దాకా వినిపించినట్టుంది. "ఏడ్చేదాన్ని నేనే. ఇన్నేళ్లూ గోడ వెనక కూర్చుని ఏడ్చింది నేనే. మా అక్క పోయింది. మీరు ఎవరూ పేరెత్తకూడదన్న మా అక్క." అని, అక్క పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను. ఆ గోడల మధ్య ఆ పేరు మళ్లీ వినిపించింది. "ఆవిడ కోసం ఏడవడానికి వెళ్తున్నాను. వెనక తలుపు తాళం మీ జేబులో ఉంది. అందుకని ఇలా వచ్చాను."

ఇద్దరు సైనికులు నా దారికి అడ్డంగా బల్లేలు పట్టుకుని ఉన్నారు, అది వాళ్ల వేషం. ఇద్దరి బట్టలకీ పొద్దున కుట్లు వేసింది నేనే. ఒకడు ఇంకొకడి మొహం చూశాడు. బల్లేలు దించి పక్కకి జరిగారు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనక అట్టగోడ అవతల నుంచి ఏడుపు మొదలైంది.

అది నాకు నేర్పిన ఏడుపు కాదు. లేస్తూ, పడుతూ, మధ్యలో దగ్గుతూ, మళ్లీ లేస్తూ, ఒక ముసలామె తన తల్లి కోసం, ఎప్పుడో పోయిన తల్లి కోసం ఏడుస్తున్న ఏడుపు. ఇత్తడి బిందె దాన్ని ఊరంత చేసి హాలంతా నింపింది. కుర్చీల మధ్య నుంచి నడిచాను. కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. మధ్య వరసలో ఎవరో ఒకావిడ పక్కామెతో, "ఆవిడేనే, రాజు ముందు మోకరిల్లకుండా నిలబడిందే, ఆవిడ పేరే," అంటోంది. తలుపు దగ్గర టిక్కెట్లు చింపే అబ్బాయి తలుపు రెండు రెక్కలూ తెరిచి పట్టుకున్నాడు. వెనక్కి చూడలేదు. చూడాలనిపించలేదు.

బయట అత్తయ్య అన్నట్టే ఎండ. బస్సు దొరికింది, కిటికీ పక్కన చోటు కూడా దొరికింది. మెడలో టేపు చుట్టి సంచీలో వేసుకున్నాను. బస్టాండులో దిగేసరికి మైకులో కొత్త గొంతు, ఎవరో చిన్నపిల్ల, నంబర్లు తడబడుతోంది. బెంచీ దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాను. టీ చల్లారిపోతోందని ఎవరూ అనలేదు. అప్పుడు నిజంగా తెలిసింది నాకు, అక్క పోయిందని.

బస్టాండు వెనక సందులో అక్క గది. గుమ్మం నిండా ఖాకీ బట్టలు, డ్రైవర్లు, కండక్టర్లు, టీకొట్టాయన. నాకెవరూ తెలియదు. లోపలికెలా పోవాలో, నేనెవరినని చెప్పాలో అనుకుంటుండగా ఒక పెద్ద డ్రైవరు నన్ను కిందికీ మీదికీ చూసి, మణికట్టు మీద గుండుసూదుల దిండు దగ్గర ఆగాడు.

"మీరు దారం చెల్లెలా?" అన్నాడు.

అవునన్నాను. "జరగండ్రా, దారం చెల్లెలొచ్చింది," అన్నాడు వెనక్కి తిరిగి. ఆ మాట గుమ్మం దాటి లోపలికి పోయింది. నా కోసం దారి తెరుచుకుంది. ఇన్నేళ్లు ఒక సమాజంలో ఉండి నాకు లేని పేరు ఇక్కడ, నేనెప్పుడూ రాని ఈ సందులో, అందరికీ తెలుసు. కండక్టరమ్మ వచ్చి నన్ను పట్టుకుని, "నువ్వొచ్చేదాకా ఎత్తనివ్వకూడదని కూర్చున్నా," అంది.

అక్క పడుకున్నట్టే ఉంది. కాస్త గడ్డం పైకెత్తి, ఎవరికో జవాబు చెప్పబోతున్నట్టుంది. తల పక్కన కూర్చుని జుట్టు సరిచేశాను, చిన్నప్పుడు తను నాకు చేసినట్టు. ఆ తర్వాత ఏడ్చాను. ఎలా ఏడవాలో నాకు తెలుసనుకునేదాన్ని, ఏమీ తెలియదు. ముక్కు కారింది, గొంతు జీరపోయింది, వెక్కిళ్లొచ్చాయి, ఒక్కటి కూడా రాగం ప్రకారం లేదు. బిందె లేదు, గోడ లేదు, అవతల వణకడానికి రాజు లేడు. ఎవరూ ఆపమనలేదు, ఇంకాస్త గట్టిగా అనీ అనలేదు. గుమ్మంలో ఆ పెద్ద డ్రైవరు కూడా టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అందరం కలిసి, నడిచి వెళ్లి, అక్కని సాగనంపాం. బస్టాండు ముందు నుంచి తీసుకెళ్తుంటే నిలబడి ఉన్న బస్సులన్నీ ఒకేసారి హారన్ కొట్టాయి. అక్క ఉంటే, ప్రయాణికులకు మనవి, చెవులు మూసుకోవలెను అనేది.

తిరిగొచ్చి అక్క గదిలో కూర్చున్నాం. గొళ్లెం పెట్టని తలుపు. కండక్టరమ్మ టీ పెట్టి గ్లాసు నా చేతికిచ్చింది. ఎవరో ఇచ్చిన టీ తాగి ఎన్నాళ్లయిందో. సగం తాగి, అలవాటు కొద్దీ మిగతా సగం పక్కన పెట్టాను. అప్పుడు ఫోను మోగింది. మా ఆయన.

తిడతాడనుకున్నాను. గొంతులో కోపం లేదు సరికదా, గంతులేస్తోంది. "అద్భుతం," అన్నాడు. "ఒక్కడు కుర్చీలోంచి కదల్లేదు. ఆ పెద్దలు లోపలికొచ్చి నా చెయ్యి వదల్లేదనుకో. ఆవిడ అలా జనంలోంచి నడిచి వెళ్లిపోవడం ఏం ఆలోచన సార్ అన్నారు. ఆ కొత్తపిల్ల కూడా చివర మోకరిల్లలేదు, చెప్పినా వినలేదు, అయినా చప్పట్లే చప్పట్లు. హాలు మనకే ఇచ్చారు. విన్నావా?"

"విన్నాను."

"ఇంక నుంచి రోజూ అలాగే చేద్దాం. నువ్వు అదే సంచీతో, అదే టేపుతో రావాలి. ఆ మాటలు నేను కాస్త దిద్దుతాను, తాళం సంగతీ అదీ బాలేదు. పోస్టరు మీద నీ పేరు కూడా వేయిస్తాను. ఇంతకీ ఎప్పుడొస్తున్నావు?"

అక్కని ఎలా సాగనంపారని అడుగుతాడేమోనని కాసేపు ఆగాను. అడగలేదు.

"అది వేషం కాదండీ," అన్నాను. "వెళ్లిపోవడం. రోజూ చేసేది కాదు, ఒకసారే చేస్తారు."

నవ్వాలో అరవాలో తేల్చుకుంటున్నట్టున్నాడు. "సరేలే, నడక మాట తర్వాత చూద్దాం," అన్నాడు చివరికి, బేరానికి దిగినవాడిలా. "రేపు ఆటుంది. అమ్మ ఏడుస్తూ ఏడుస్తూ గొంతు పోగొట్టుకుంది, ఇంక పీట ఎక్కనంటోంది. మూడో అంకం ఎవరు ఏడుస్తారు?"

ఈసారి నా నోట్లోంచి సరే రాలేదు. చల్లారిన టీ చేతిలోకి తీసుకున్నాను.

"బిందె గోడ వెనకే ఉంది," అన్నాను. "మూతి వెడల్పే. కిరీటం తీస్తే మీ మొహం పడుతుంది."